నాలుగు పేర్లు, ఎకరం నేల



కెన్యా తొలి అధ్యక్షుడు జోమో కెన్యాట్టా పేరు మీరు వినే ఉంటారు. ఆయన తండ్రి పేరు ముయిగాయ్. ఆయన కొడుకు ఉహురు 2013 నుంచి 2022 దాకా అదే పదవిలో ఉన్నాడు. ఉహురు పూర్తి పేరు ఉహురు ముయిగాయ్ కెన్యాట్టా. ఈ ఉహురు కొడుకు పేరు మళ్ళీ జోమో. కూతురి పేరు న్గినా. ఆ అమ్మాయి నాయనమ్మ, అంటే పెద్ద జోమో భార్య, ఆవిడ పేరు కూడా న్గినాయే. ముయిగాయ్, జోమో, ముయిగాయ్, జోమో. నాలుగు తరాలు, రెండు పేర్లు. దేశాన్ని ఏలిన కుటుంబం కాబట్టి మనకు తెలిసింది గానీ, కెన్యా నడిగడ్డ మీద టీ ఆకు కోసుకునే సాదాసీదా ఇంట్లోనూ ఇదే వరస. వీళ్ళు కికుయులు. వాళ్ళు పిల్లలకు పేర్లు పెట్టే పద్ధతి గురించీ, ఆ పిల్లలకు అన్నం పెట్టే నేల గురించీ ఈ పూట నాలుగు మాటలు చెబుతాను. ఈ రెండూ వేరు వేరు సంగతుల్లా కనిపిస్తాయి. ఒకదాని లెక్క తప్పితే రెండోదాని లెక్క ఎలా తప్పుతుందో పోనుపోను మీకే తెలుస్తుంది.

కెన్యాలో కికుయులదే అన్నిటికంటే పెద్ద జనసమూహం. 2019 జనాభా లెక్కల ప్రకారం దేశ జనాభా 4 కోట్ల 76 లక్షలయితే, అందులో వీళ్ళు 81 లక్షల పైచిలుకు. నైరోబీ నగరం దాటి ఉత్తరంగా వెళితే వరసగా కియాంబు, మురాంగా, న్యేరి, కిరిన్యాగా జిల్లాలు వస్తాయి. ఎర్రమట్టి నేల. పొడుగాటి గట్లు, రెండు గట్ల నడుమ లోయ, లోయలో వాగు. ఈ గట్లన్నిటికీ పైన 5,199 మీటర్ల ఎత్తున కెన్యా పర్వతం. దేశానికి ఆ పేరు వచ్చింది ఈ కొండ వల్లనే. కికుయులు దాన్ని కిరిన్యాగా అంటారు. వాళ్ళ దేవుడు న్గాయ్ ఆ శిఖరం మీద ఉంటాడని నమ్మిక. పాతకాలపు వాళ్ళు ఆ కొండవైపు తిరిగి మొక్కేవారు.

వాళ్ళ భాష బంటు కుటుంబానికి చెందినది. కికుయు అన్నది స్వాహిలీ నోట పడి ప్రపంచానికి తెలిసిన పేరు. వాళ్ళ నోట అది దాదాపు గెకొయొ అన్నట్టు వినిపిస్తుంది. ఆ భాషలో ఏడు అచ్చులున్నాయి. రోమన్ లిపిలో అచ్చులు ఐదే కాబట్టి, మిగతా రెండిటి కోసం ఐ మీద, యూ మీద చిన్న అలలాంటి గుర్తు పెడతారు. పలికేటప్పుడు గొంతు ఎక్కడ లేస్తుందో, ఎక్కడ దిగుతుందో దాన్నిబట్టి కూడా మాటకు అర్థం మారిపోతుంది. కాబట్టి కాగితం మీద చదివితే పట్టుబడే భాష కాదు అది, చెవితో నేర్చుకోవలసిందే.

ఇక పేర్ల సంగతి. బిడ్డ పుట్టగానే ఆ ఇంటి ఆడవాళ్ళు సంతోషంతో నాలుక ఆడిస్తూ గట్టిగా కేకలు పెట్టేవారు. మగబిడ్డయితే ఐదు కేకలు, ఆడబిడ్డయితే మూడు. ఆ లెక్క వినే ఇరుగుపొరుగుకు సంగతి తెలిసిపోయేది. పాత ఆచారం ప్రకారం తండ్రి తోటలోకి వెళ్ళి కొడుకయితే ఐదు చెరుకుగడలు, కూతురయితే మూడు చెరుకుగడలు నరికి తెచ్చేవాడు. జోమో కెన్యాట్టా 1938లో తన జాతి గురించి ఇంగ్లీషులో రాసిన పుస్తకంలో ఇవన్నీ వివరంగా ఉన్నాయి.

బిడ్డకు ఏ పేరు పెట్టాలి అని అక్కడ ఎవరూ తలపట్టుకోరు. పేరు ముందే సిద్ధంగా ఉంటుంది. మొదటి కొడుక్కి తండ్రివైపు తాత పేరు. రెండో కొడుక్కి తల్లివైపు తాత పేరు. మొదటి కూతురికి నాయనమ్మ పేరు. రెండో కూతురికి అమ్మమ్మ పేరు. అక్కడితో నలుగురు పెద్దల పేర్లూ పూర్తవుతాయి. ఆ తరవాత పుట్టినవాళ్ళకు పెదనాన్నలు, బాబాయిలు, మేనమామలు, మేనత్తలు, పెద్దమ్మలు, పిన్నుల పేర్లు. వాళ్ళలోనూ పెద్దవాళ్ళ నుంచి మొదలుపెట్టి, ఒకసారి తండ్రివైపు, ఒకసారి తల్లివైపు. తాత బతికి ఉన్నాసరే మనవడికి ఆ పేరు పెట్టవచ్చు. పెట్టకపోతేనే తప్పు. నా పేరు నిలబెట్టలేదే అని ముసలాయన నొచ్చుకుంటాడు.

మన ఇళ్ళల్లోనూ తాత పేరు మనవడికి పెట్టడం ఉంది. అయితే మనకది ఇష్టం, ముచ్చట. వాళ్ళకు వరస తప్పకూడని బాధ్యత. ఇంకో పోలిక కూడా ఉంది. అత్తగారి పేరో మామగారి పేరో బిడ్డకు పెడితే మన కోడళ్ళు ఆ పేరు నోటితో పలకలేక ఇంకేదో ముద్దుపేరుతో పిలుచుకుంటారు. కికుయు తండ్రి తన తల్లి పేరు పెట్టుకున్న కూతురిని మైతు అని పిలుస్తాడు. మా అమ్మ అని దానికి అర్థం. మూడేళ్ళ పిల్లను అమ్మా అని పిలవడం ముద్దుకోసం మాత్రమే అనుకోకూడదు. తన తల్లి మళ్ళీ ఇంటికి వచ్చిందన్న నమ్మకం ఆ పిలుపులో ఉంది. కరియుకి అనే పేరు అక్కడ చాలా ఎక్కువ. తిరిగి లేచినవాడు అని దాని భావం.

ఈ పద్ధతిలో ఇంటిపేరు అనేది లేదు. నడిమధ్య వా అనే చిన్న మాట చేర్చి, ఫలానా వాళ్ళ బిడ్డ అని చెప్పుకుంటారు. కెన్యాట్టాకు పుట్టినప్పుడు పెట్టిన పేరు కమావు. తండ్రి పోయాక బాబాయి న్గెంగి దగ్గర పెరిగి కమావు వా న్గెంగి అయ్యాడు. నవలాకారుడు గూగీ వా థియాంగో అంటే థియాంగో కొడుకు గూగీ. ఆయన తల్లి పేరు వంజికు. ఆయన కూతురు, ఆమె కూడా నవలలు రాస్తారు, వంజికు వా గూగీ. పేరు వినగానే ఆ పిల్ల ఎవరి కూతురో తెలుస్తుంది, ఎవరి మనవరాలో కూడా ఊహించవచ్చు.

ఈ పేర్ల మూలాలు వెదికితే ఒక పల్లె మొత్తం కళ్ళకు కడుతుంది. న్యాంబురా అంటే వానకు సంబంధించినది. ముకామి అంటే పాలు పితికే మనిషి. ముతూరి అంటే కమ్మరి. వంగారిలో చిరుతపులి ఉంది. న్యోకాబి అనే పేరులో పక్కనున్న మసాయీ జాతి ఉంది. మసాయీలతో పోట్లాటలూ ఉండేవి, వియ్యాలూ ఉండేవి. ఆ వియ్యాల గుర్తు ఈ పేరు. కాలాన్ని కూడా వాళ్ళు పేర్లతోనే కొలిచారు. ఒక ఏడాది కలిసి దీక్ష తీసుకుని పెద్దవాళ్ళయిన కుర్రాళ్ళందరిదీ ఒక జట్టు. ఆ ఏడాది ఊళ్ళో ఏం జరిగితే ఆ జట్టుకు ఆ పేరు. 1890ల్లో మశూచి వచ్చిపడితే ఆనాటి జట్టు పేరు మశూచి. 1940లో దీక్ష తీసుకున్నవాళ్ళు తమను నలభై జట్టు అని చెప్పుకున్నారు. ఆ జట్టులోని వాళ్ళే తరవాత తెల్లవాళ్ళ మీద తిరగబడ్డవాళ్ళలో ముందు వరసలో ఉన్నారు.

అన్ని పేర్లకూ మొదలు ఒక కథ. గికూయు అనే పురుషుడు, ముంబి అనే స్త్రీ, మురాంగా దగ్గర ముకుర్వే వా న్యగథంగా అనే చోట కాపురం పెట్టారు. ముంబి అంటే మట్టి పిసికి రూపం చేసేది అని. వాళ్ళకు కొడుకులు లేరు. తొమ్మండుగురు కూతుళ్ళు. వంజిరు, వాంబుయి, వంజికు, వంగుయి, వంగెచి, వంజేరి, న్యాంబురా, వైరిము, వంగారి. పదో కూతురు కూడా ఉంది, వముయు. కానీ పది అనకూడదు. మనుషులనూ పశువులనూ లెక్కపెట్టి చెబితే చేటు అని వాళ్ళ భయం. అందుకే పది అనవలసిన చోట నిండు తొమ్మిది అంటారు. ఈ కూతుళ్ళ పేర్ల మీదనే కికుయుల గోత్రాలన్నీ ఏర్పడ్డాయి. ఈనాటికీ కియాంబు బడిలో హాజరు పిలిస్తే చాలామంది ఆడపిల్లలు ఈ పది పేర్లకే పలుకుతారు. వంజికు అనే పేరు మరీ సాధారణం. 1990ల చివర కొత్త రాజ్యాంగం కావాలని జనం అడుగుతుంటే, అధ్యక్షుడు మోయ్, రాజ్యాంగం సంగతి వంజికుకేం తెలుసు అన్నట్టు మాట్లాడాడు. ఆ మాట ఆయనకే ఎదురు తిరిగింది. అప్పటినుంచి కెన్యా పత్రికల్లో, కార్టూన్లలో వంజికు అంటే సామాన్య పౌరులు, ఆడవాళ్ళయినా మగవాళ్ళయినా సరే.

ఇప్పుడు పొలంలోకి వెళదాం. కికుయుల ఏడాదికి రెండు వానలు. మార్చిలో మొదలై మే దాకా కురిసే పెద్ద వాన. అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా కురిసే చిన్న వాన. పెద్ద వానను వాళ్ళు న్జాహి వాన అంటారు. చిన్న వానను మ్వెరె వాన అంటారు. రెండూ పంటల పేర్లే. మ్వెరె అంటే సజ్జ. న్జాహి అంటే మన అనుములే, అదే అనపగింజ, నల్లగింజ రకం. రాయలసీమలో అనపకాయ పితికి పప్పు చేసుకునేవాళ్ళకు ఆ రుచి పరిచయమే. కికుయులు న్జాహిని ఉడికించి బాలింతలకు తప్పకుండా పెడతారు. పెళ్ళిమాటల్లోనూ, పేరంటాల్లోనూ అది ఉండాల్సిందే. వాన, కోత, మళ్ళీ వాన, మళ్ళీ కోత. ఏడాదిలోని నాలుగు కాలాలనూ ఈ రెండు పంటల పేర్లతోనే చెప్పుకునేవారు. వాగు ఒడ్డున చామదుంప, మెరకలో చిలగడదుంప, పందిరి మీద పెండలం, పక్కన రాగి, జొన్న. మగవాళ్ళు చెట్లు కొట్టి నేల చదును చేసేవారు. విత్తడం, కలుపు తీయడం, కోయడం చాలావరకు ఆడవాళ్ళ చేతిమీద జరిగేవి.

నేల ఎవరిది? ఒక పెద్దాయన అడవి నరికి గట్టు మీద సాగు మొదలుపెడితే, ఆ నేల అతని సంతతి మొత్తానిది. ఆ సంతతిని మ్బారి అంటారు. నేల లేని మనిషి వచ్చి అడిగితే కొంత చెక్క సాగుకు ఇచ్చేవారు. అతను ముహోయి, అంటే అడిగి తీసుకున్నవాడు. వంశం పెరిగి నేల చాలకపోతే ఒక కొడుకు పక్క గట్టుకు వెళ్ళి కొత్తగా అడవి కొట్టేవాడు. ఈ ఏర్పాటు పక్కన పేర్ల వరసను పెట్టి చూడండి. నలుగురు పెద్దల పేర్లు నిలవాలంటే ఇంట్లో కనీసం ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు పుట్టాలి. అది ఎవరి చేతిలోనూ లేదు కాబట్టి ఆరుగురు, ఎనిమిదిమంది దాకా కనేవారు. అంతమందికి నేల కావాలి. నేల కావాలంటే ముందు అడవి ఉండాలి. ముందు అడవి ఉన్నంతకాలం పేర్ల లెక్కా నేల లెక్కా జోడెడ్లలా నడిచాయి.

ఆ ముందున్న దారిని తెల్లవాళ్ళు మూసేశారు. రైలు మార్గం 1901 నాటికి మొంబాసా నుంచి విక్టోరియా సరస్సు దాకా పడింది. దాని వెంబడే తెల్ల రైతులు వచ్చారు. చల్లని ఎత్తు ప్రాంతాలు వాళ్ళ వశమయ్యాయి. కికుయులను రిజర్వు అనే గీతల మధ్య ఉంచారు. గీత దాటి పనికి పోయే మగవాడు మెడలో కిపాండే అనే గుర్తింపు కాగితం డబ్బాలో పెట్టుకుని తిరగాలి. అందులో అతని పేరు, తండ్రి పేరు, పని ఇచ్చిన దొర పేరు ఉండేవి. మరోవైపు మిషన్ బడిలో చేరాలంటే బాప్తిస్మం, దానితోపాటు ఇంగ్లీషు పేరు. కమావు 1914లో జాన్‌స్టన్ అయ్యాడు. గూగీ మొదట రాసిన నవలల మీద జేమ్స్ గూగీ అని ఉండేది. బడిలో కికుయు మాట్లాడిన పిల్లల మెడలో పలక వేలాడదీసి అవమానించేవారని గూగీ రాశారు. నోబెల్ శాంతి బహుమతి అందుకున్న వంగారి మాథాయి కూడా తన బడిలో అలాంటి శిక్ష ఉండేదని తన ఆత్మకథలో చెప్పారు.

కాఫీ పండించడానికి చాలాకాలం నల్లవాళ్ళకు అనుమతి లేదు. 1930ల్లో కిసీ, మేరు ప్రాంతాల్లో కొద్దిమందికి ఇచ్చారు. కికుయుల దాకా అది విస్తారంగా వచ్చింది 1950ల్లోనే. దొరల తోటల్లో కూలికి కాఫీ గింజ కోసిన మనిషి తన పెరట్లో అదే మొక్క నాటితే నేరం. పైగా మట్టి కొట్టుకుపోతోందని రిజర్వులో మెట్లు తవ్వించేవారు, అదీ వెట్టిగా. ఆ తవ్వకం ఎక్కువగా ఆడవాళ్ళ నెత్తిన పడింది. 1947, 48లలో మురాంగా స్త్రీలు పార కింద పడేసి, మేం తవ్వం అని ఎదురుతిరిగారు. 1952లో ఎమర్జెన్సీ పెట్టారు. నేల కోసం జరిగిన ఆ పోరాటాన్నే మావ్ మావ్ అంటాం. పోరాటాన్ని అణచడానికి పది లక్షలమందికి పైగా కికుయులను ఇళ్ళు ఖాళీ చేయించి, కంచె వేసిన ఊళ్ళలోకి తరలించారు.

ఆ గందరగోళం మధ్యలోనే 1954లో రోజర్ స్విన్నర్టన్ అనే వ్యవసాయ అధికారి ఒక పథకం తెచ్చాడు. ఒక్కో కుటుంబానికి అక్కడొకటి ఇక్కడొకటిగా ఉన్న చెక్కలన్నీ కలిపి ఒకే చోట చేసి, పట్టా ఇవ్వడం. ఆ పట్టా ఉన్నవాళ్ళకు కాఫీ, టీ, పాలపశువులు. ఈనాటి కికుయు వ్యవసాయానికి పునాది ఇదే. దీనిలో రెండు లోపాలు ఉన్నాయి. పట్టాలు రాసేవేళ వేలాదిమంది నిర్బంధ శిబిరాల్లో ఉన్నారు. ఊళ్ళో లేనివాళ్ళ నేల చాలాచోట్ల ఉన్నవాళ్ళ పేర్లకు చేరిపోయింది. ముహోయిలకు అసలు చోటే లేకుండా పోయింది. రెండో లోపం, వంశం మొత్తానిదయిన నేల ఒక్క మగవాడి పేరు మీదకు వచ్చింది. కాగితం మీద భార్య లేదు, తల్లి లేదు, కూతురు లేదు. పొలంలో వంగి పనిచేసే మనిషి వేరు, పట్టాలో ఉన్న మనిషి వేరు అయ్యారు.

1963లో స్వాతంత్ర్యం వచ్చాక పాతికేళ్ళ పాటు కాఫీ కికుయు పల్లెలను నిలబెట్టింది. పిల్లల బడి ఫీజులు, రేకుల కప్పులు, పెళ్ళిళ్ళు అన్నీ సహకార సంఘం వేసే కాఫీ డబ్బుల మీదనే. 1964లో చిన్న రైతుల కోసం టీ సంస్థను స్థాపించారు. ఇప్పుడు దాని కింద ఆరు లక్షలమందికి పైగా రైతులు టీ పండిస్తున్నారు. 1980ల చివర కెన్యా కాఫీ దిగుబడి ఏటా 1,30,000 టన్నుల దరిదాపులకు వెళ్ళింది. 1989లో దేశాల మధ్య ఉన్న కాఫీ కోటాల ఒప్పందం కూలి, ధరలు పడిపోయాయి. సంఘాల్లో అప్పులు, అక్రమాలు కలిశాయి. ఇటీవలి ఏళ్ళలో దిగుబడి 50,000 టన్నులకు అటూ ఇటూగా ఉంటోంది. తెగులు తట్టుకునే కొత్త రకాలు రాలేదని కాదు. రుయిరు పరిశోధనా కేంద్రం 1985లో రుయిరు 11 అనే రకాన్ని, 2010లో బాటియన్ అనే రకాన్ని ఇచ్చింది. కెన్యా పర్వతంలో అన్నిటికంటే ఎత్తయిన శిఖరం పేరే బాటియన్. అయితే ఆ రుయిరు చుట్టుపక్కలే కాఫీ తోటలు పీకి ఇళ్ళ స్థలాలు వేస్తున్నారు. టాటూ సిటీ అనే కొత్త పట్టణం లేచింది ఒకప్పటి కాఫీ తోటల మీదనే. నైరోబీ నుంచి థికా దాకా పెద్ద రహదారి పడ్డాక, కియాంబులో ఎకరం కాఫీ మీద వచ్చేదానికీ, అదే ఎకరం ప్లాట్లుగా అమ్మితే వచ్చేదానికీ పొంతన లేకుండా పోయింది.

పట్టా వచ్చినప్పుడు తాతకు ఉన్న నేల కొడుకులకు పంచి, వాళ్ళు మళ్ళీ తమ కొడుకులకు పంచారు. ఇప్పుడు చాలామంది చేతిలో ఉన్నది ఎకరం, ఆ లోపు. పక్క గట్టు మీద అడవి లేదు. ఉన్న అడవి ప్రభుత్వానిది. ఎకరంలో బతకడం ఎలా అన్నదే ఇవాళ అక్కడి వ్యవసాయానికి అసలు ప్రశ్న. రైతు ఆవును మేతకు వదలడు. కొట్టంలోనే కట్టి, గట్టు వెంట పెంచిన నేపియర్ గడ్డి కోసి వేస్తాడు. పాలు పొద్దున్నే సహకార డెయిరీ క్యానులోకి వెళతాయి. వాగు ఒడ్డున పెరిగే చామదుంపను ఇప్పుడు పెరట్లో గుంత తవ్వి, అడుగున పాలిథిన్ పరిచి, నీళ్ళు నిలబెట్టి పండిస్తున్నారు. మురాంగాలో కాఫీ వరసల నడుమ హాస్ రకం అవకాడో అంటు మొక్కలు లేచాయి. 2022లో కెన్యా నుంచి తాజా అవకాడో మొదటిసారి చైనాకు ఓడ ఎక్కింది. ఎత్తయిన న్యాండారువాలో బంగాళాదుంప, ముఖ్యంగా షాంగీ అనే రకం. అది తొందరగా చేతికొస్తుంది, తొందరగా మొలకలూ వేస్తుంది. అందుకే రైతు నిల్వ పెట్టుకోలేక దళారి చెప్పిన ధరకు ఇచ్చేస్తాడు. డబ్బు మాత్రం 2007 నుంచి ఫోన్‌లోకే వస్తోంది. ఎంపెసా అనే ఆ ఫోన్ సేవ లేని పల్లె సంత ఇప్పుడు అక్కడ కనిపించదు.

కిరిన్యాగా జిల్లాలో మ్వెయా అని కాలవల కింద వరి పండే ప్రాంతం ఉంది. ఆ కాలవలను 1950ల్లో మావ్ మావ్ ఖైదీల చేత తవ్వించారు. అక్కడ పండే పిషోరి బియ్యం కెన్యాలో పేరున్న సువాసన బియ్యం. అది మన ఉపఖండపు బాస్మతి 370. మ్వెయా రైతులకు 2009 నుంచి ప్రొఫెసర్ బాన్సీ మాటి తక్కువ నీటితో, లేత నారు ఎడంగా నాటే పద్ధతి నేర్పించారు. మన దగ్గర 2003లో వ్యవసాయ శాస్త్రవేత్త అలపాటి సత్యనారాయణ ప్రచారం చేసిన శ్రీ వరి సాగు ఇదే. గోదావరి గట్టు మీదా, మ్వెయా కాలవ కిందా రైతులు వేసుకున్న ప్రశ్న కూడా ఒకటే: నాలుగంగుళాల నారు నాటితే బతుకుతుందా?

నేల సంగతి అలా ఉంటే, భాష సంగతి రెండు తీర్లుగా ఉంది. గూగీ 1970 ప్రాంతంలో జేమ్స్ అనే పేరు వదిలేశారు. 1977లో కామిరిథు అనే ఊళ్ళో రైతులు, కూలీలు కలిసి ఆడిన కికుయు నాటకం రాసినందుకు ఆ ఏడాది చివరి రోజున ఆయనను అరెస్టు చేశారు. జైల్లో మరుగుదొడ్డి కాగితాల మీద కికుయులో ఒక నవల రాశారు. 1980లో అది అచ్చయింది. ఆ నవలను మన వరవరరావు తాను జైల్లో ఉన్నప్పుడు ఇంగ్లీషు నుంచి తెలుగు చేశారు. గూగీ 2025 మే 28న కన్నుమూశారు. ఆయన కోరుకున్నంతగా కికుయులో నవలలు రాలేదు. కానీ 2000లో కామేమే ఎఫ్‌ఎం మొదలయ్యాక కికుయు గొంతు గాలిలో బలంగా వినిపిస్తోంది. పాల ధర, తెగులు మందు, చావు కబురు, పెళ్ళి పాట అన్నీ ఆ భాషలోనే వింటున్నారు. నైరోబీలో పుట్టిన పిల్లలు మాత్రం స్వాహిలీ, ఇంగ్లీషు కలిసిన షెంగ్ మాట్లాడతారు. తన పేరులో చిరుతపులి ఉందని తెలియని వంగారిలు ఆ నగరంలో ఎందరో ఉన్నారు. న్జాహి వాన అన్న మాట తెలిసిన పెద్దలేమో, మార్చి గడిచినా ఆ వాన రాలేదని విచారిస్తున్నారు.

ఇప్పుడు మొదట చెప్పిన లెక్కకు వద్దాం. 1970ల చివర కెన్యాలో ఒక్కో స్త్రీకి సగటున ఎనిమిదిమంది పిల్లలు. 2022 సర్వేలో ఆ సంఖ్య 3.4. కికుయులున్న నడిగడ్డలో ఇంకా తక్కువ. ఎకరం నేలా, బడి ఫీజులూ కలిసి ఆ పని చేశాయి. ఇద్దరు పిల్లలతో ఆపేసిన ఇంట్లో నలుగురు పెద్దల పేర్లు ఎలా సర్దాలి? ఒక కొడుకు, ఒక కూతురు పుడితే తాత, నాయనమ్మ నిలుస్తారు. తల్లివైపు తాతా అమ్మమ్మా మిగిలిపోతారు. ఇద్దరూ కొడుకులయితే నాయనమ్మ, అమ్మమ్మ ఇద్దరికీ పేరు లేదు. పిల్ల తల్లి నొచ్చుకుంటుంది, ఆమె తల్లి ఇంకా నొచ్చుకుంటుంది. కొందరు ఒకే బిడ్డకు రెండువైపుల పేర్లూ కలిపి పెడుతున్నారు. కొందరు ఇంకో బిడ్డను కంటున్నారు. పైగా గుర్తింపు కార్డు కోసం, పాస్‌పోర్టు కోసం తండ్రి పేరే ఇంటిపేరుగా స్థిరపడుతోంది.

ఈ చిక్కులో ఒక మేలు కూడా దాగి ఉంది. కికుయుల పేర్ల వరస మొదటినుంచీ రెండువైపులా చూసింది. తండ్రివైపు ఒకటి పెడితే తల్లివైపు ఒకటి పెట్టింది. గోత్రాలు కూతుళ్ళ పేరు మీదే ఉంచింది. నేల మాత్రం కొడుకుల వైపే పోయింది. 1981లో అమలుకు వచ్చిన వారసత్వ చట్టం కూతురికీ కొడుక్కీ సమాన వాటా అంది. 2010 రాజ్యాంగం నేల విషయంలో ఆడా మగా తేడా చూపకూడదని రాసింది. పెళ్ళయిన కూతురు పుట్టింటి నేల అడిగితే ఇంకా అన్నదమ్ములు ముఖం ముడుస్తారు, కోర్టులకు ఎక్కుతారు. అయినా వాటా కోసం కోర్టుకు ఎక్కుతున్న కూతుళ్ళు పెరుగుతున్నారు. ఇద్దరే పిల్లలున్న ఇంట్లో కూతురిని పక్కన పెడితే నేలా, పేరూ రెండూ సగం పోతాయని తండ్రులకు అర్థమవుతోంది. అమ్మమ్మ పేరు పెట్టుకున్న పిల్ల తల్లికి ఆ అమ్మమ్మ ఊళ్ళోనూ హక్కు ఉంటుందని చట్టం చెబుతోంది. పేర్ల దగ్గర ఆ హక్కును కికుయులు ఎప్పుడో ఒప్పుకున్నారు. పట్టా పుస్తకంలో ఒప్పుకోవడం మిగిలింది.